వదులైన దారం

మనిషి వ్యాపారాన్ని విడిచిపెట్టడం ఒక ఎత్తు. వ్యాపారం మనిషిని విడిచిపెట్టడం మరొక ఎత్తు. మొదటిది ఒక్క పూట పని. తాళపుచెవులు వారసుని చేతిలో పెట్టి, చిట్టా ఆవర్జాలు అప్పగించి, నలుగురి ఎదుట నాలుగు మంచిమాటలు పలికి లేచిపోవచ్చును. రెండవది ఎన్నేళ్లకు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. తరతరాలుగా వచ్చిన అంగడి అయితే అసలే జరగకపోవచ్చును కూడా. అట్టివారికి అంగడి కేవలం జీవనోపాధి కాదు. అది తండ్రి కంఠస్వరం, తాతగారి చేతివ్రాత.

శ్రీనగరంలోని ఒక తివాచీల వర్తకుని కథ ఇందుకు నిదర్శనం. తాతల నాటి అంగడిలో ఆయన నలభై ఏళ్లు కూర్చున్నాడు. తివాచీని తిరగవేసి వెనుకవైపు ముళ్లను వేలితో తడిమితే చాలు, నేత నాణ్యం చెప్పగలడు. ఏ రంగు ముడి ఎన్నిసార్లు వేయాలో నేతగాళ్లకు తెలిపే తాలీం అనే సంకేతలిపిని కూడా చదవగలడు. 2014 సెప్టెంబరులో జీలం నది పొంగి నగరాన్ని ముంచినప్పుడు ఆ అంగడి కూడా మునిగింది. నీరు తీసిన తరువాత తివాచీలు బురద ముద్దలై బయటపడ్డాయి. రెండేళ్లు శ్రమించి నేతగాళ్ల బాకీలన్నీ తీర్చాడు. తరువాత తాళపుచెవులు కుమారుని చేతికిచ్చి, గాలపు కర్ర పట్టుకొని కోకర్‌నాగ్ వద్దనున్న బ్రింగీ నదికి వెళ్లాడు.

ఆ బ్రింగీ జీలం నదికే ఉపనది. తన సరుకును ముంచిన నీటిలోనే ఆయన మోకాలి లోతున నిలిచాడన్నమాట. అక్కడి ట్రౌట్ చేపకు ఆయన వృత్తితో మరొక చుట్టరికం కూడా ఉన్నది. ఈ చేప కశ్మీరుకు సహజమైనది కాదు. 1899లో బ్రిటన్ నుంచి పంపిన గుడ్లు దారిలోనే నశించాయి. 1900లో రెండవసారి వచ్చినవి బ్రతికాయి. వాటిని సాకి వృద్ధి చేసినవారిలో ముఖ్యుడు ఫ్రాంక్ మిచెల్. ఆయన శ్రీనగరంలో తివాచీల కర్మాగారం నడిపినవాడు. తివాచీ ముళ్లు లెక్కపెట్టిన చేతులే కశ్మీరు నదులలో ట్రౌట్‌ను విడిచాయి.

వర్తకులు నది పాలు కావడం కొత్త సంగతేమీ కాదు. 1653లో చేపల వేటపై జగత్ప్రసిద్ధమైన గ్రంథం ప్రకటించిన ఐజాక్ వాల్టన్ లండన్‌లో గుడ్డల వర్తకం చేసి మానినవాడే. అయితే ఈగ గాలపు విద్యను గూర్చిన వివరమైన భాగాన్ని 1676 నాటి ప్రతికి ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ చేర్చవలసి వచ్చింది. అంతటివాడు కూడా ఆ ఒక్క విద్యను మరొకరికి విడిచిపెట్టాడు.

ఈ విద్యలో ఎర తినదగినది కాదు. కొక్కెం మీద ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి నీటి ఈగను పోలిన బొమ్మను చేస్తారు. ఈగకు బరువు లేదు, బరువు దారానిది. కనుక విసరవలసింది దారాన్నే. కర్రను వెనుకకు ఊపినప్పుడు దారం వెనుక పూర్తిగా చాచుకొనేదాకా ఆగాలి. తొందరపడి ముందుకు కొడితే కొరడావలె ఛెళ్లుమంటుంది, ఈగ తెగిపోతుంది. బేరంలో ఎదుటివాడు నోరు విప్పేదాకా ఓర్చుకున్న మనిషికి ఈ ఓర్పు త్వరగానే పట్టుబడింది. చేపను తిరిగి నీటిలో విడవదలచినప్పుడు ముందుగా చేయి తడుపుకోవాలి. పొడిచేయి తగిలితే దాని ఒంటిమీది జిగురు పొర ఊడుతుంది. పొడివేళ్లతో ఉన్ని నాణ్యం చూచిన ఆయనకు ఇదీ అలవాటయింది. పట్టుబడనిది మరొకటి ఉన్నది.

నదిలో నీరు అంతటా ఒకే వేగంతో నడవదు. నడుమ ఉరవడి, ఒడ్డున నెమ్మది. దారం ఉరవడిలో పడితే విల్లువలె వంగి, నెమ్మది నీటిలోని ఈగను ఈడ్చుకుపోతుంది. నిజమైన ఈగ ఎన్నడూ అలా పోదు. ఎదురుప్రవాహానికి తలపెట్టి ఆహారానికై కాచుకొన్న ట్రౌట్ ఆ మోసాన్ని ఇట్టే కనిపెడుతుంది. ఒక వేసవిలో ఆయనకు రోజుల తరబడి ఒక్క చేపా దక్కలేదు. నీరు మంచిది కాదని ఆయన అన్నాడు. గట్టుమీది ముసలి నదీ కావలివాడు మెల్లగా, "నీటి తప్పేమీ లేదు, జనాబ్. మీ దారమే లాగుతోంది. అందులో కాస్త వదులుంచండి," అన్నాడు.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తాళపుచెవులు ఇచ్చిన తరువాత కూడా ఆయన నగరంలో ఉన్న ప్రతి ఉదయమూ అంగడికి వెళ్లేవాడు. ఊరకే కూర్చుండేవాడు. కొనవచ్చినవాడు ధర అడిగితే కుమారుడు ముందు తండ్రి మొగం చూచి, ఆ పిమ్మట జవాబు చెప్పేవాడు. కొనేవారూ అది గ్రహించి తండ్రివైపే తిరిగేవారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అయినా అంగడి నడక సహజంగా లేదు. కావలివాని మాట విన్న తరువాత ఆయన దారాన్ని వదులుగా వేయడం, పడినదాన్ని పైకెత్తి ఎగువకు మళ్లించడం నేర్చుకున్నాడు. ఉదయం అంగడికి పోవడం కూడా మానుకున్నాడు.

2022 ఫిబ్రవరిలో వందేవల్‌గామ్ వద్ద బ్రింగీ గర్భంలో ఒక గొయ్యి తెరుచుకొని ప్రవాహాన్నంతటినీ మింగింది. దిగువన నది ఎండి చేపలు చచ్చాయి. కొత్త దారి తవ్వి నీటిని మళ్లించవలసి వచ్చింది. ఇక తనకు నదియే స్థిరమనుకొన్న మనిషికి ఆ ఆధారమూ లేదని తేలింది.

అదే సంవత్సరం కశ్మీరు తివాచీలకు క్యూఆర్ చీటీలు వచ్చాయి. వాటి మూలంగా తివాచీని నేసినదెవరో కొనేవాడు తెలుసుకోవచ్చును. ఎవరు తమకు నేస్తారన్నది ఆయన అంగడిలో మూడు తరాలుగా కాపాడిన రహస్యం. కుమారుడు తండ్రిని అడగకుండానే ఆ చీటీలు వేయించాడు. ఈ సంగతి ఆయనకు నది దగ్గరి పల్లెలో ఒక నేతగాని ద్వారా తెలిసింది. తన పేరు ఢిల్లీలో ఎవరో చదివారని ఆ నేతగాడు పొంగిపోతూ చెప్పాడు. ఆ రాత్రి భోజనాల వేళ కుమారుడు తండ్రి మొగం చూచాడు. ఆయన బ్రింగీలో నీరు తేటపడుతున్నదని చెప్పి, అన్నం కలుపుకున్నాడు.

వ్యాపారం ఆయనను పూర్తిగా విడిచిందని చెప్పలేము. ఈనాటికీ ఎవరి ఇంటికి వెళ్లినా తివాచీ అంచు తిరగవేసి ముళ్లు తడిమి చూస్తాడు. అది వేళ్ల అలవాటు. ధర మాత్రం చెప్పడు.