గోగుపువ్వు ప్రొఫెసరు

నెల్లిమర్ల నుంచి వెళ్ళి మాంచెస్టర్‌లో స్థిరపడిన మన ప్రవాసికి మొన్న సూపర్ మార్కెట్లో ఒళ్ళు మండింది. అట్టపెట్టెలో ఎండిన ఎర్ర గోగుకాయల తొక్కలు, పైన 'హైబిస్కస్ టీ' అని అచ్చు. పెట్టె వెనక కథంతా ఈజిప్టుదే. విజయనగరం ఊసు లేదు. వాల్తేరు ఊసు అసలే లేదు.

వాల్తేరెందుకంటారా? ఈ మొక్క పూరేకుల్లోని పసుపు రంగు గుట్టు విప్పింది ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రొఫెసరు టి.ఆర్. శేషాద్రి. 1900లో తమిళనాట కుళిత్తలైలో పుట్టాడు. ఈ మాంచెస్టర్‌లోనే, తర్వాత 1947లో నోబెల్ అందుకున్న రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి, 1933లో వాల్తేరు వచ్చాడు. ఎంచుకున్న సరుకు చూడండి: పత్తిపువ్వు, గోగుపువ్వు! రేకుల్ని ఆల్కహాల్‌లో మరిగించి, సారాన్ని చిక్కబరిచి, చక్కెర అంటుకుని ఉన్న రంగును స్ఫటికాలుగా పట్టాలి. ఆమ్లంతో ఆ చక్కెరను ఊడగొట్టాలి. మిగిలినదాన్ని విరగ్గొట్టి, ముక్కల్ని బట్టి మొత్తం అణువు ఆకారం తేల్చాలి. అణువు ఆకారం పట్టిచ్చే ఎన్ఎంఆర్ యంత్రాలు లేని రోజులు మరి. పి.ఎస్. రావుతో కలిసి 1942లో తేల్చిందేమిటంటే, పత్తిపువ్వులోని గాసిపెటిన్‌కి ఆరు హైడ్రాక్సిళ్ళుంటే గోగుపువ్వులోని హైబిసెటిన్‌కి ఏడు.

ఇదంతా ఓ ఆదివారం భోజనాల దగ్గర చెప్తే శ్రీకాకుళం మిత్రుడు తేల్చేశాడు: "అయితే ఆయన అరవాయన గదేటి!"

ప్రవాసి ఊరుకుంటాడా? రసాయన శాస్త్రవేత్త డాల్టన్ మాత్రం మాంచెస్టర్‌లో పుట్టాడా? కంబర్లాండ్ పల్లెటూరివాడు. అయినా ఈ ఊళ్ళో ఆయన పేరున నడిబొడ్డున వీధి ఉంది, టౌన్‌హాల్లో విగ్రహం ఉంది. వీళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇదీ అన్నాడు. అన్నాడే గానీ, నెల్లిమర్లలో శేషాద్రి వీధి అని బోర్డు పెట్టినా జనం 'జూట్ మిల్లు వెనక సందు' అనే అంటారని తనకీ తెలుసు. ఆ మిల్లుకే వెళ్ళేది గోగునార. మంచి నార రావాలంటే పూత మీదుండగానే కోయాలి. లేత పసుపు రేకులు, నడుమ ముదురెరుపు మచ్చ, అన్నీ కట్టలతో పాటే చెరువులో ఊరేవి. ఆ కంపుకి ముక్కు మూసుకుని బడికెళ్ళిన కుర్రాడికి, ఆ పూలలో రసాయన శాస్త్రం ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు.

1949లో శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యేనాటికి చిరునామా ఢిల్లీదే. గోగుపువ్వు సంపాదించిన పేరు కూడా ఢిల్లీ ఖాతాలో పడిందని మన ప్రవాసికి ఇప్పుడు ఈజిప్టు మీద కంటే ఢిల్లీ మీదే ఎక్కువ మంట.