ఇంచుకి ఎంత?

కారు పక్కన నిలబడి చూస్తే టైరు పైభాగానికీ మడ్‌గార్డు అంచుకీ మధ్య నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ. మన దేశంలో అమ్మే సెడాన్లకి మామూలే ఇది. 2018లో కొన్న నా హోండా సిటీకీ ఉంది. ఆ కారు గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు. కంపెనీ వాళ్లు అంత ఎత్తు ఊరికే ఇవ్వలేదు. స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం రాసింది. మా విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింటి ముందు వాళ్లు పోయించుకున్న దిబ్బలకి ఆ నియమం సంగతి తెలియదు. అందుకని స్ప్రింగులు మార్చి కారు కిందికి దించే ఆలోచన నాకెప్పుడూ రాలేదు. కానీ మొదటి టైర్లు అరిగిపోయి, నాలుగూ మార్చక తప్పని వేళ వచ్చేసరికి మనసు లాగింది. ఎలాగూ డబ్బు పెడుతున్నాం, ఎత్తు అలాగే ఉంచి చక్రాలు మాత్రం పెద్దవి వేస్తే?

షాపుకి వెళ్లేముందు ఇంట్లో కాగితం మీద లెక్క వేసుకోవడం నా అలవాటు. నా కారు టైరు సైజు 175/65 R15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. మూడోది రిమ్ము ఇంచులు. లెక్కిస్తే రబ్బరు గోడ 114 మి.మీ., చక్రం మొత్తం వ్యాసం 608 పైచిలుకు. ఇదే కారు పై వేరియంట్లకి కంపెనీయే 185/55 R16 బిగించి ఇచ్చింది: గోడ 102, వ్యాసం 610. కుర్రాళ్లు ముచ్చటపడే 205/45 R17 అయితే గోడ 92, వ్యాసం 616.

మూడూ పక్కపక్కన రాసుకున్నాక అసలు సంగతి బయటపడింది. రిమ్ము ఎంత పెరిగితే రబ్బరు దాదాపు అంత తగ్గుతుంది. తగ్గాలి కూడా, లేకపోతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, టైరు లోపల లైనర్‌కి రాసుకుంటుంది. వ్యాసంలో ఎనిమిది మిల్లీమీటర్ల తేడా అంటే మడ్‌గార్డు దగ్గర ఖాళీ తగ్గేది అందులో సగం, రెండు అగ్గిపుల్లల మందం. నాలుగు వేళ్ల ఖాళీ నాలుగు వేళ్లలాగే ఉంటుంది. అసలు నన్ను లాగింది ఆ ఖాళీయే కదా! పదిహేడు ఇంచుల చక్రాలకి ఎంత పోసినా అది పూడదని తెలిశాక, మరి ఆ డబ్బుకి వచ్చేదేమిటని చూడటం మొదలుపెట్టాను.

వచ్చేది లేకపోలేదు. టైరు వెడల్పు పెరిగి, గోడ పొట్టిదైతే మలుపులో స్టీరింగ్ తిప్పగానే కారు మాట వింటుంది. 175 టైర్లతో హైవే మీద లేన్ మారినప్పుడు నా కారు ఒక్క క్షణం బద్ధకించి కదిలేది. అది నాకు మొదటినుంచీ నచ్చలేదు. చూడటానికి లోహం ఎక్కువ కనబడుతుంది, అదీ నిజమే. పోయేది కూడా రాసుకోవాలి. గుంటలో పడ్డప్పుడు దెబ్బ కాసేది ఆ రబ్బరు గోడే. 114 నుంచి 92కి వస్తే కాపు కాసే రబ్బరు అయిదో వంతు పోయినట్టు. రిమ్ము బరువు పెరుగుతుంది, ఆ బరువు సస్పెన్షన్‌కి కింద వేలాడుతుంది కాబట్టి ప్రతి గతుకూ సీటు దాకా వస్తుంది.

హైదరాబాదులో ఉండే మా బావమరిది దగ్గర కూడా ఇలాంటి సెడానే ఉంది. అతను నాకంటే ముందే పదిహేడు వేయించాడు. ఫోన్ చేస్తే, "బావా, వేస్తే పదిహేడే వెయ్యి. పదహారు వేసి డబ్బులు పాడుచేసుకోకు" అన్నాడు. ఆ తర్వాత వానాకాలంలో విజయవాడ వస్తూ 65వ నంబరు హైవే మీద నీళ్లు నిండిన గుంటలో ముందు చక్రం దించాడు. మా ఇంటి ముందు ఆగాక చూస్తే సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత ఉబ్బు, రిమ్ము అంచు లోపలికి వంగి ఉంది. ఉబ్బిన టైరు లోపల దారాలు తెగినట్టే లెక్క, దాన్ని అతికించి వాడే పనిలేదు. ఇన్సూరెన్స్ వాళ్లని అడిగితే కుదరదన్నారు. వాళ్లని అనడానికీ లేదు, మామూలు ప్యాకేజీ పాలసీలో ఉన్నదే అది. అదే ప్రమాదంలో కారు కూడా దెబ్బతింటే తప్ప టైరుకి పైసా రాదు. దెబ్బతిన్నా టైరు ధరలో సగమే ఇస్తారు. టైరు కొత్తది పదకొండు వేలు. రిమ్ము ఆ డిజైన్‌లో ఒక్కటి విడిగా దొరకలేదు, అమ్మితే నాలుగు కలిపి సెట్టుగానే అమ్ముతారట. చివరికి వేడి చేసి సాగదీయించుకున్నాడు. పోత పోసిన అలాయ్‌ని అలా సరిచేస్తే తర్వాతెప్పుడో అక్కడే బీట పడే ప్రమాదం ఉంటుంది. ఆ మాట అతనికి చెప్పి దాన్ని స్టెప్నీగా పెట్టుకోమన్నాను.

నా కాగితం మీద మూడు వరసలు రాశాను. పాత సైజులో మంచి టైర్లు నాలుగు, ఆరేసి వేల చొప్పున 24 వేలు. పదహారు ఇంచులకి వెళ్తే రిమ్ములు 26 వేలు, టైర్లు 30 వేలు. పాత రిమ్ములు అమ్మితే పది వేలు తిరిగొస్తాయి కాబట్టి 46 వేలు. పదిహేడుకి రిమ్ములు 46 వేలు, టైర్లు 44 వేలు. పాతవి అమ్మగా 80 వేలు. షాపులో మాట్లాడేవాళ్లందరూ రిమ్ముల ధర దగ్గరే ఆగిపోతారు, బేరం కూడా దాని మీదే ఆడతాం. రిమ్ము ఒక్కసారి కొంటాం. టైరు మాత్రం నాలుగైదేళ్లకోసారి మళ్లీ వస్తుంది, ప్రతిసారీ 24కి బదులు 44 అడుగుతుంది. ఇప్పుడు వేసే సెట్టూ, దాని తర్వాతి సెట్టూ అరిగేదాకా కారు ఉంచుకుంటే పదిహేడు ఇంచులకి నేను అదనంగా కట్టేది 76 వేలు, పదహారుకి 28 వేలు. ఇందులో బావమరిది గుంట లాంటివి కలపలేదు. పెట్రోలు కూడా కలపలేదు. లీటరు 110 దగ్గర ఆడే మా ఆంధ్రాలో మైలేజీ పదిహేను నుంచి పద్నాలుగుకి పడితే, ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగేవాడికి అయిదు వేల పైమాటే. అంత పడుతుందో లేదో వాడితే గానీ తెలియదు, అందుకని ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఇంకో పక్క, పదిహేడుకి ఇప్పుడు అదనంగా పెట్టాల్సిన 56 వేలని ఏడు శాతానికి అయిదేళ్లు డిపాజిట్ చేస్తే 78 వేల పైన అవుతుంది. ఈ లెక్కతో ప్రతి సరదానీ చంపేయవచ్చు, ఆ సంగతీ నాకు తెలుసు. లేన్ మారేటప్పుడు కారు బద్ధకం పోవడానికి ఎంతో కొంత పెట్టాలనే అనుకున్నాను. పదహారు ఇంచులతో అది చాలావరకు పోతుంది. ఆ పైన పెట్టేదంతా పక్కవాడి కళ్లకి.

పదహారులో ఇంకో సుఖం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని తయారీదారు చెప్పిన దానికి భిన్నంగా మార్చొద్దంటుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నేను వేస్తున్నది కంపెనీ ఇదే కారుకి ఇచ్చిన సైజు కాబట్టి ఆర్టీవోతోనూ, రేపు క్లెయిము వస్తే సర్వేయరుతోనూ వాదన తక్కువ. అయినా రెన్యువల్ సమయంలో అలాయ్ చక్రాల బిల్లు పంపి, పాలసీలో నాన్-ఎలక్ట్రికల్ యాక్సెసరీల కింద రాయించాను. ప్రీమియం పెరిగింది వందల్లోనే.

రిమ్ములు ఆటోనగర్‌లో దొరికాయి. పై వేరియంట్ కొన్న ఎవరో పదిహేడు వేయించుకుని, కంపెనీవి ఊడదీసి వదిలేసిన సెట్టు. నాలుగూ బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి, వంకర లేదని చూశాకే డబ్బులిచ్చాను. కంపెనీ రిమ్ము అయితే మధ్య రంధ్రం హబ్ మీద బిగుతుగా కూర్చుంటుంది. సిటీ హబ్ కొలత 56.1 మి.మీ.; బయట దొరికే రిమ్ములకి పెద్ద రంధ్రం ఉంటుంది, మధ్యలో ప్లాస్టిక్ రింగు వెయ్యాలి. ఆ రింగు మరిచిపోయి బిగిస్తే తొంభై దాటాక స్టీరింగ్ వణుకుతుంది, జనం అలైన్‌మెంట్‌కి డబ్బులు తగలేస్తూ తిరుగుతారు. టైర్లు కొత్తవే తీసుకున్నాను. గోడ మీద ISI గుర్తు, నాలుగంకెల తేదీ చదివాను: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. ముందు చూపించిన జతలో ఒకటి రెండేళ్ల నాటిది. "రబ్బరుకేమవుద్దండీ, షాపులోనే ఉంది కదా" అన్నాడు కుర్రాడు. రబ్బరు షాపులో ఉన్నా గట్టిపడుతుంది. మార్చి తెచ్చాడు.

బిగించాక వెనక సీట్లో షాపు కుర్రాళ్లు ముగ్గుర్ని కూర్చోబెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీసి చూశాం. ఎక్కడా రాసుకోలేదు. పాత రిమ్ములు అక్కడే, కింది వేరియంట్ కొని ఉక్కు చక్రాలతో తిరుగుతున్న ఒకాయనకి పది వేలకి ఇచ్చేశాను. స్టెప్నీ పాత సైజుదే ఉంచాను. వ్యాసంలో తేడా ఒకటిన్నర మిల్లీమీటరు, ఇబ్బంది లేదు.

ఈ టైర్లు అరిగేనాటికి డబ్బు వెతుక్కోకుండా పోస్టాఫీసులో నెలకి 500 చొప్పున అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరిచాను. 6.7 శాతం వడ్డీతో చివర్న 35 వేల పైన చేతికొస్తుంది, నాలుగు టైర్లకీ అలైన్‌మెంట్‌కీ సరిపోతుంది. పదిహేడు ఇంచులైతే నెలకి 650 కట్టాల్సి వచ్చేది. బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా కారు ఎలా ఉందని అడుగుతూనే ఉంటాడు. బాగుందనే చెబుతున్నాను, ఈమధ్య అతనే పదహారు ఇంచుల సెట్టు ఆటోనగర్‌లో ఇంకేమైనా ఉందేమో కనుక్కోమన్నాడు.