ఎదురెదురుగా కూర్చుంటే...

దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు మూసుకుని నోరు తెరుస్తాడు. మత్తుసూది పట్టిన చేతిని నమ్ముతాడు. ఆ నమ్మకం లేకపోతే వైద్యమే లేదు.

మరి, ఆ చేతులే ఆడపిల్లలకు మత్తు ఇవ్వడం మీద వెకిలి జోకులు రాస్తే?

2014 డిసెంబరులో కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో అదే జరిగింది. డల్హౌసీ విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చివరి ఏడాది చదువుతున్న కొందరు కుర్రాళ్లు ఫేస్‌బుక్‌లో ఓ రహస్య గ్రూపు పెట్టుకున్నారు. తోటి విద్యార్థినుల గురించి అందులో రాసుకున్న అసభ్యపు రాతలు బయటపడ్డాయి. రోజూ పక్కనే నిలబడి పనిచేసే అమ్మాయిల గురించి! 'వాళ్లను కాలేజీ నుంచి పంపేయండి' అంటూ నిరసనలు హోరెత్తాయి. ఆ కోపం న్యాయమైనదే.

బాధిత విద్యార్థినుల్లో కొందరు మాత్రం మరో దారి ఎంచుకున్నారు. దాని పేరు రెస్టొరేటివ్ జస్టిస్. పోయిన నమ్మకాన్ని మళ్లీ నిలబెట్టే న్యాయం అనుకోవచ్చు. మామూలు విచారణలో తప్పెవరిది, శిక్షేమిటి అని అడుగుతారు. ఇక్కడ ప్రశ్నలు వేరు. ఎవరికి గాయమైంది? వాళ్లకేం కావాలి? దాన్ని సరిదిద్దాల్సింది ఎవరు?

ఈ పద్ధతిలో సాధారణంగా అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఓ వస్తువు చేతులు మారుతూ ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మిగతావాళ్లు వినాలి. మన రచ్చబండ గుర్తొస్తుంది కదూ! కాకపోతే ఇక్కడ తీర్పు చెప్పే పెద్దమనిషి ఉండడు.

అలాగని తేలిగ్గా వదిలేయలేదు. ఆ కుర్రాళ్లను కొన్నాళ్లు క్లినిక్‌కు దూరంగా ఉంచారు. ఆ బ్యాచ్‌లో 29 మంది ఈ ప్రక్రియలో పాల్గొంటే, అందులో 12 మంది ఆ గ్రూపులోని వాళ్లే. నెలల తరబడి సాగింది. 2015 మేలో నివేదిక వచ్చింది. శిక్షనైతే తలొంచుకుని భరించి వెళ్లిపోవచ్చు. నవ్వుకుంటూ రాసిన మాట ఎదుటి మనిషిని ఎంత కుంగదీసిందో ఆమె నోటే వింటూ కూర్చోవడం అంతకన్నా కష్టం.

విమర్శలూ లేకపోలేదు. దీనికి ఒప్పుకోవాలని తమమీద ఒత్తిడి ఉందంటూ కొందరు విద్యార్థినులు పేర్లు చెప్పకుండా లేఖ రాశారు. కొట్టిపారేయదగ్గ మాట కాదది. ఇష్టం లేనివాళ్లను కూర్చోబెడితే అది న్యాయం కాదు, రెండో గాయం.

అందుకే గొడవయ్యేదాకా ఆగకూడదు. అమెరికాలో కొన్ని వైద్య కళాశాలలు విద్యార్థులను ముందే ఇలా కూర్చోబెడుతున్నాయి. డాక్టరు కావాలని ఎందుకనుకున్నావు, ఇక్కడ నీకు భయం కలిగించేదేమిటి... ఇలాంటి చిన్న ప్రశ్నలతో మొదలవుతుంది స్నేహం.

మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఉండాల్సిందే. కానీ చట్టం పైకెత్తిన చేతిని ఆపగలదు. భుజం మీద చెయ్యి వేయించలేదు. హాస్టల్లో పిల్లాణ్ని దించి, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసుకునే అమ్మానాన్నలకు కావాల్సింది ఆ రెండోది కూడా.

పేరు తెలిసి, ఊరు తెలిసి, ఇంటి కష్టం తెలిసిన మనిషిని ఏడిపించడానికి ఎవరికైనా చేతులు రావు మరి!