కనుమ దాటితే పక్క లోయ

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీకి తూర్పున వాసాచ్ కొండలు ఉన్నట్టుండి నిటారుగా లేస్తాయి. వాటి ఒడిలో దగ్గర దగ్గరగా ఆరు స్కీ రిసార్టులు. తూర్పు వాలున డీర్ వ్యాలీ, పార్క్ సిటీ. పడమటి వైపు బిగ్ కాటన్‌వుడ్ లోయలో బ్రైటన్, సాలిట్యూడ్. దాని దక్షిణాన లిటిల్ కాటన్‌వుడ్ లోయలో ఆల్టా, స్నోబర్డ్. బ్రైటన్ నుంచి ఆల్టాకి సూటిగా కొలిస్తే అయిదు కిలోమీటర్లు ఉండదు. చలికాలంలో కారెక్కితే మాత్రం ఒక లోయ పూర్తిగా దిగి, నగరం అంచు పట్టుకుని వెళ్లి, రెండో లోయ ఎక్కాలి. నలభై కిలోమీటర్ల పైమాటే. పెరటి గోడ దూకితే పక్కిల్లు, వీధిన వెళితే ఊరు చుట్టు.

ఆ గోడ దూకించేదే ఇంటర్‌కనెక్ట్ టూర్. రిసార్టుల ఉమ్మడి సంస్థ స్కీ యూటా దీన్ని దశాబ్దాలుగా నడుపుతోంది. పొద్దున్నే డీర్ వ్యాలీ దగ్గర బయలుదేరి, సాయంత్రానికి ఆల్టా, స్నోబర్డ్ చేరతారు. రిసార్టు లోపల లిఫ్టు ఎక్కిస్తుంది. హద్దు దాటాక అన్నీ కాళ్లే. స్కీలతో వాలుకు అడ్డంగా జారుతూ కొంత, వాటిని భుజాన వేసుకుని ఎక్కుతూ కొంత. సాలిట్యూడ్ మీది నుంచి ట్విన్ లేక్స్ కనుమకు వెళ్లే అడ్డదారికి స్కీయర్లు పెట్టుకున్న పేరు ‘హైవే టు హెవెన్’. పేరు అందంగానే ఉంది కానీ, పైనున్న వాలు మంచు చరియలు విరిగిపడే రకం. అందుకే అక్కడ ఒకరికొకరు దూరం పాటించి, ఒక్కొక్కరే దాటుతారు. కనుమ ఎత్తు సుమారు పదివేల అడుగులు. అవతల గ్రిజ్లీ గల్చ్ గుండా జారితే ఆల్టా. ఆనాటి మంచు ఎలా ఉందో చూసి గైడ్లు దారి మారుస్తారు. ప్రతివాళ్ల ఒంటి మీదా బీకన్ ఉంటుంది. మంచు కింద పడితే వెతికి పట్టుకునేది దాని సంకేతంతోనే. డీర్ వ్యాలీ, ఆల్టా స్నోబోర్డులను రానివ్వవు కాబట్టి ఇది స్కీలవాళ్లకే.

ఈ కొండలకు జనం మొదట వచ్చింది మంచు కోసం కాదు, వెండి కోసం. 1870ల్లో ఆల్టాలోని ఎమ్మా గని వాటాలు లండన్‌లో వేడివేడిగా అమ్ముడుపోయాయి. కొన్నాళ్లకే ఖనిజం అడుగంటింది. ఆ వ్యవహారంలో పేరు పెట్టిన పాపానికి బ్రిటన్‌లోని అమెరికా దౌత్యాధిపతి రాబర్ట్ షెంక్ 1876లో రాజీనామా చేయాల్సి వచ్చింది. తర్వాత ఆల్టా దాదాపు ఖాళీ అయింది. 1939 జనవరిలో అక్కడ మొదలైన తొలి లిఫ్టుకు వాడింది పాత గని ట్రామ్‌వే సామానే. పార్క్ సిటీది ఇంకా విడ్డూరం. గనుల కంపెనీయే 1963లో రిసార్టు తెరిచింది. ఆ దశాబ్దంలోనే స్కీయర్లను గని రైల్లో కూర్చోబెట్టి, నీళ్లు కారే సొరంగంలో దాదాపు మూడు మైళ్లు లోపలికి తీసుకెళ్లి, పదిహేడు వందల అడుగుల పైచిలుకు బావి గుండా పైకి లాగేవారు. స్కీ వేసుకునేలోపే బట్టలు తడిసేవన్నమాట. అది ఎక్కువ కాలం నడవలేదు, నడవకపోవడమే నయం.

ఇక మంచు సంగతి. ఆల్టాలో ఏటా సగటున అయిదు వందల అంగుళాలకు పైగా కురుస్తుంది; 2022–23లో ఏకంగా 903 అంగుళాలు, అంటే డెబ్బై అయిదు అడుగులు. నీటిపాలు తక్కువగా ఉండే పొడి మంచు, స్కీ మునిగినా అడ్డుపడదు. అంత మంచు వాలు మీద ఊరికే ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మాంటీ అట్‌వాటర్ ఆల్టాలో మంచు చరియల అధ్యయనం మొదలుపెట్టాడు. ప్రమాదకరమైన వాలులను సైన్యపు ఫిరంగులతో ముందే కూల్చడం అక్కడ అలవాటైంది. ముప్పు మరీ ఎక్కువైతే ‘ఇంటర్‌లాడ్జ్’ ప్రకటిస్తారు. ఇక గుమ్మం దాటి బయటికి రావడం చట్టరీత్యా నేరం. 2021 ఫిబ్రవరిలో అలా రెండు రోజులకు పైగా జనం లోపలే ఉండిపోయారు.

ఇన్ని రిసార్టులు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు లిఫ్టులతో కలిపేయొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. 2014లో ‘వన్ వాసాచ్’ పేరుతో ఆ ప్రతిపాదనే వచ్చింది. ‘సేవ్ అవర్ కాన్యన్స్’ వంటి సంస్థలూ, రిసార్టు హద్దుల బయట జారే బ్యాక్‌కంట్రీ స్కీయర్లూ గట్టిగా ఎదురుతిరిగారు, ప్రతిపాదన మూలపడింది. నా మటుకు ఎదురుతిరిగినవాళ్లదే న్యాయం. రిసార్టుల మధ్య మిగిలిన ఆ కాస్త ఖాళీ కొండ మీదా తీగలు లాగితే ఈ టూర్‌కు అర్థమే ఉండదు. పైగా కాటన్‌వుడ్ లోయల నీళ్లు నగరం తాగే నీళ్లు. ఆ నీటి కోసమే ఇక్కడికి పెంపుడు కుక్కను కూడా తేనివ్వరు; అలాంటిచోట కొత్త టవర్లకు పునాదులు తవ్వుతామంటే జనం ఊరుకుంటారా?

గొడవ మాత్రం చల్లారలేదు. లిటిల్ కాటన్‌వుడ్ లోయ నోటి నుంచి పైదాకా ఎనిమిది మైళ్ల గండోలా, అంటే తీగ మీద నడిచే పెట్టెలు, వేయాలని 2023లో రాష్ట్ర రవాణా శాఖ తేల్చింది. దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి. ఒకవేళ అది కట్టినా, నగరం నుంచి వచ్చే కార్ల రద్దీకి మందు అవుతుందేమో గానీ, ఎవరినీ కొండ దాటించదు.