నంబరున్న పిస్టల్, నంబర్లేని పిస్టల్

పబ్జీ ఆడినవాళ్ళకి పీ1911 గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దిగిన మొదటి ఇంట్లో దొరికే పిస్టల్ అది. ఏఆర్ దొరకగానే పారేస్తాం. ఆర్1895 అయితే ఇంకా ఘోరం. ఒక్కో బుల్లెట్ పెట్టుకునేలోపు అవతలోడు మనల్ని లాబీకి పంపేస్తాడు.

2020లో ఇంజనీరింగ్ అయిపోయి, జాయినింగ్ లెటర్ కోసం మందమర్రి సింగరేణి క్వార్టర్‌లో కూర్చున్న రోజుల్లో నా పని పొద్దంతా ఇదే. సెప్టెంబర్‌లో పబ్జీని బ్యాన్ చేశారు. ఆడటానికి ఏమీ లేక, ఆ పేర్లు ఎక్కడివా అని వెతకడం మొదలుపెట్టా. 1911 అంటే అమెరికా సైన్యం ఆ పిస్టల్‌ని తీసుకున్న ఏడాది. 1895 అంటే రష్యా నాగాంట్ రివాల్వర్ పుట్టిన ఏడాది. అసలు నాగాంట్‌లో కూడా 7 తూటాలే, నిజంగానే ఒక్కొక్కటే పెట్టాలి. గేమ్ చేసినోళ్ళు మనల్ని ఏడిపించడానికి కనిపెట్టింది కాదు.

అలా వెతుకుతుంటే ఇంకో లోకం కనపడింది. సైన్యాలు వాడి, పక్కన పెట్టేసిన పాత పిస్టళ్ళని కొని దాచుకునేవాళ్ళ లోకం. సర్‌ప్లస్ అంటారు వాటిని. కొనేవాళ్ళు కలెక్టర్లు. మా ఊళ్ళో కలెక్టర్ అంటే మంచిర్యాలలో కూర్చునే సారు ఒక్కరే కాబట్టి, ఈ మాట అలవాటవడానికి నాకు కొంచెం టైమ్ పట్టింది.

ఈ కలెక్టర్లు తుపాకీని పేల్చడం కంటే చదవడం ఎక్కువ ఇష్టపడతారు. దాని మీద కంపెనీ పేరు, సీరియల్ నంబరు, తనిఖీ చేసిన అధికారి ముద్ర ఉంటాయి. నంబరు చూసి ఏ ఏడాది తయారైందో చెప్పేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకి పిస్టళ్ళు చాలక, దొరికిన ఫ్యాక్టరీకల్లా ఆర్డర్లిచ్చింది. 1911ని జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేశాడు, మొదట కోల్ట్ కంపెనీ తయారుచేసింది. యుద్ధకాలంలో మాత్రం అందరికంటే ఎక్కువ చేసింది రెమింగ్టన్ ర్యాండ్, అంటే టైప్‌రైటర్ల కంపెనీ. రైల్వే సిగ్నళ్ళు చేసే కంపెనీ కూడా చేసింది. కుట్టు మిషన్ల సింగర్ కంపెనీ 500 చేసి ఆపేసింది. ఆ 500లో ఒకటి ఇప్పుడు వేలానికి వచ్చిందంటే ధర మన లెక్కలో కోటి దాటినా ఆశ్చర్యం లేదు. మా అమ్మ కుట్టు మిషన్ మీద ఉండే పేరే ఒక పిస్టల్ మీద ఉందని తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు.

1985లో అమెరికా సైన్యం 1911ని పక్కనపెట్టి బెరెటాకి మారింది. మిగిలినవి దశాబ్దాల పాటు గోదాముల్లో ఉండిపోయాయి. చివరికి అక్కడి పార్లమెంటు చట్టం చేసి, వాటిని జనానికి అమ్మే పని సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థకి ఇచ్చింది. 2018 సెప్టెంబర్‌లో దరఖాస్తులు తీసుకున్నారు. ఆన్‌లైన్ కాదు, పోస్టులో పంపాలి. కంప్యూటర్ తీసిన నంబరు ప్రకారం వరస. మొదట్లో ధర కండిషన్‌ని బట్టి 850 నుంచి 1,050 డాలర్లు. కొనేవాడు అమెరికా పౌరుడై ఉండాలి, షూటింగ్ క్లబ్బులో సభ్యుడై ఉండాలి, నేర చరిత్ర ఉందా అని రెండుసార్లు చూస్తారు. ఆ తర్వాత కూడా పిస్టల్ ఇంటికి రాదు, లైసెన్సున్న డీలర్ షాపుకి వస్తుంది.

ఇదంతా నాకు ఇంత వివరంగా తెలియడానికి కారణం మా బావ. మేనత్త కొడుకు, నాకంటే చాలా పెద్ద. మందమర్రిలో పుట్టి, 2000ల మొదట్లో ఎంఎస్‌కి పోయి, టెక్సాస్‌లో స్థిరపడి అక్కడి పౌరుడయ్యాడు. ఆయనకి ఆ వరసలో నంబరు తగిలింది. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టాడు. రెమింగ్టన్ ర్యాండ్ స్లైడ్, 1943 నాటి ఫ్రేమ్. సైన్యం వర్క్‌షాపుల్లో విప్పి మళ్ళీ బిగించినప్పుడు ఒకదాని భాగం ఇంకోదానికి వెళ్ళేది, అందుకే పైది ఒక కంపెనీది, కిందిది ఇంకో కంపెనీది అయిన పిస్టళ్ళు బోలెడు. బావది కూడా అలాంటిదే.

"ఆన్‌సైట్ రా బామ్మర్దీ, రేంజికి పోదాం" అన్నాడు.

వీసా లాయర్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఇదొకటి. కాబట్టి, వెళ్ళబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వినండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకీ గానీ, తూటా గానీ తమ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. ఫ్రెండ్ గన్ పట్టుకుని ఇన్‌స్టాలో ఫొటో పెట్టేముందు ఆ సంగతి కనుక్కోండి. లైకుల కోసం వీసా పోగొట్టుకోవద్దు.

మరి ఇక్కడ? మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఉంది. 2019లో సవరించాక ఒకరి పేరు మీద 2 తుపాకులకి మించి ఉండకూడదు, అంతకుముందు 3. ఆత్మరక్షణకో, షూటింగ్ క్రీడకో, పంట కాపాడుకోవడానికో లైసెన్స్ అడగొచ్చు. "దాచుకోవాలని ఉంది సార్" అంటే నడవదు. మన సైన్యం ఏళ్ళుగా వాడుతున్న 9 ఎంఎం పిస్టల్ కూడా బ్రౌనింగ్ వంశానిదే, బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. కానీ 9 ఎంఎం మామూలు మనిషికి నిషేధించిన బోర్. సైన్యం పక్కన పెట్టినా అది మన దుకాణంలోకి రాదు. విదేశాల నుంచి తెప్పించుకునే దారి 1980లలోనే మూసుకుపోయింది. అందుకే అప్పటికే దేశంలో ఉన్న పాత విదేశీ .32 పిస్టళ్ళు లైసెన్సుదారుల మధ్య లక్షల్లో చేతులు మారుతుంటాయి. అమెరికాలో అవే మంచి ఫోన్ ధరకి దొరుకుతాయి.

చట్టంలో ఒక చిన్న కిటికీ ఉంది, 45వ సెక్షన్. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధాలకి చట్టం వర్తించదు. పేలుతుందో లేదో తేల్చేది మాత్రం మనం కాదు. మీ తాత పెట్టెలో పాత తుపాకీ ఏదైనా కనబడితే దాన్ని తుడిచి రీల్ చేయకండి, ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. లైసెన్సున్న తాత చనిపోయినా సరే, వారసులు దాన్ని అప్పగించడమో, తమ పేరు మీదికి దరఖాస్తు పెట్టుకోవడమో చేయాలి.

నేను కొనుక్కున్నది ఒక్క తోలు హోల్‌స్టర్. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, పాత తాళాల కుప్ప కింద దొరికింది. పాత వెబ్లీ రివాల్వర్ పట్టేంత సైజు. దాన్ని ఇంటికి తెచ్చి బావ పిస్టల్ ఫొటో పక్కన పెట్టి బాపుకి చూపించా.

బాపు సింగరేణిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరయ్యాడు. బాయిలో బొగ్గు పేల్చే మందు, డిటొనేటర్లు ఆయన చేతుల మీదుగా పోయేవి. మందు నిలవ ఉంచే గదిని మ్యాగజైన్ అంటారు. చిన్నప్పుడు ఆ మాట విన్నప్పుడల్లా నాకు సినిమా బొమ్మల పుస్తకం గుర్తొచ్చేది. అక్కడ ఎన్ని తీసుకున్నావు, ఎన్ని పేల్చావు, ఎన్ని వాపసిచ్చావు అన్నీ రిజిస్టర్లో ఎక్కాలి, సంతకం పెట్టాలి. ఒక్క డిటొనేటర్ లెక్క తప్పితే షిఫ్టు అయినా మనిషి ఇంటికి రాడు.

ఆయన ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"నంబరున్నది. మంచిగనే ఉన్నది. గని దీన్ని ఎవనికిచ్చిండ్రు? వాడు దీనితోని ఏం జేసిండు? గది రాసిలేదా?"

బావకి మెసేజ్ పెట్టా. "రాసి ఉండదురా" అని జవాబిచ్చాడు. ఎప్పుడు తయారైందో తెలుసు, ఏ కంపెనీదో తెలుసు. ఏ సైనికుడి నడుముకి ఉందో, నార్మండీకి పోయిందో, కొరియాకి పోయిందో, లేక గోదాము దాటనే లేదో ఎవరికీ తెలియదు. కలెక్టర్ల ధరలో ఆ ప్రశ్న లేదు. జవాబున్న పిస్టల్ దొరికితే ధర పెరుగుతుంది, అంతే.

అమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. "ఆ తోలు సంచి ఇంట్ల పెట్టకు బిడ్డా" అంది. ఉత్త తోలే కదమ్మా అన్నా. "గప్పుడు ఉత్త తోలు దొరికినా సరిపోవు" అంది.

గప్పుడు అంటే నేను పుట్టకముందు. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గు బెల్టులో సికాస పేరు వినిపించిన కాలం. పీపుల్స్‌వార్ వెంట నడిచిన కార్మిక సంఘం అది. అమ్మకి వరసకి తమ్ముడయ్యే మామ ఒకాయన బాయిలో పనిచేస్తూ ఒకరోజు డ్యూటీకని పోయి, మళ్ళీ రాలేదు. అడవికి పోయిండన్నారు. కొన్నేళ్ళకి పేపర్లో వార్త వచ్చింది. ఆ కాలం వార్తలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. ఎదురుకాల్పులు, ఒకరి మృతి, సంఘటనా స్థలంలో ఒక పిస్టల్, రెండు కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం స్వాధీనం.

ఆ ముక్కని అమ్మ రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కుల మధ్య పెట్టుకుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఈసారి కలెక్టర్ కళ్ళతో చదివా. ఒక పిస్టల్. ఏ కంపెనీ? ఏ బోర్? నంబరెంత? తపంచానా, సైన్యానిదా? ఎక్కడ తయారై, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోయి, ఆ రాత్రి ఆ మనిషి పక్కన ఎలా ఉంది? అసలు అది ఆయనదేనా? పావు పేజీ వార్తలో ఒక్క మాట లేదు. కలెక్టర్ అడిగే మొదటి ప్రశ్నే అక్కడ ఆగిపోయింది. నేను అడిగినవన్నీ అమ్మ ఇన్నేళ్ళుగా తనలో తాను అడుక్కుంటున్నవే. తనకి సీరియల్ నంబరు అనే మాట తెలియదు, అంతే.

బావ పిస్టల్‌కి నంబరుంది, కథ లేదు. మామ పక్కన దొరికిందన్న పిస్టల్‌కి కథ ఉంది, నంబరు లేదు.

ఇది మా ఇంటి సంగతే కాదు. 1948లో నిజాం కోసం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రుళ్ళు ఆయుధాలు మోసుకొచ్చాడు. ఇటు పల్లెల్లో రైతులు దొరల గడీల నుంచి, పోలీసుల నుంచి తుపాకులు గుంజుకున్నారు. వాటి కథలు ఇప్పటికీ ముసలోళ్ళు చెప్తారు. ఎన్ని వచ్చాయి, ఎన్ని అప్పగించారు, ఎన్ని బావుల్లో వేశారు అని ఊళ్ళో ఎవరినడిగినా లెక్క తేలదు.

2025 అక్టోబర్‌లో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్‌రావు గడ్చిరోలిలో 60 మందితో లొంగిపోయినప్పుడు టీవీలో ఆయుధాలు చూపించారు. నా కళ్ళు ఏది ఏకే, ఏది ఇన్సాస్ అని వెతుకుతున్నాయి. అమ్మ వాటి వైపు చూడనే లేదు. వరసలో నిలబడ్డ మనుషుల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది.

సర్‌ప్లస్ అంటే మిగిలిపోయింది, ఇక పనిలేనిది అని అర్థం. టెక్సాస్‌లో 1911 అలాగే మిగిలిపోయింది, అందుకే దాన్ని అద్దాల పెట్టెలో పెట్టుకోవచ్చు. బావ మీద నాకు కోపమేమీ లేదు. పైగా ఇంత పద్ధతిగా, రెండుసార్లు తనిఖీ చేసి, నంబరు రాసి ఇస్తున్నారంటే అది బాపు రిజిస్టరు లాంటి మంచి పనే. మా దగ్గర తుపాకీ ఇంకా మిగిలిపోయిన వస్తువు కాలేదు. అది పక్కన దొరికిందన్న మనిషి కోసం ఇంకా ఎదురుచూసేవాళ్ళు ఇళ్ళల్లో ఉన్నారు.

నా ఇష్టం పోలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి ఇప్పటికి మూడుసార్లు వెళ్ళా, మళ్ళీ వెళ్తా. హోల్‌స్టర్ ఇప్పుడు హైదరాబాద్‌లో నా రూమ్‌లో ఉంది, మందమర్రికి తేను. ఇంకో పని కూడా మొదలుపెట్టా. వార్త పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి మామ పేరు, పుట్టిన ఏడాది, బాయి పేరు, టోకెన్ నంబరు, ఇంట్లోంచి పోయిన తారీఖు రాయించుకుంటున్నా. అమ్మ చెప్తుంటే నేను రాస్తున్నా. పిస్టల్ అన్నచోట ఖాళీ వదిలేశా.

వచ్చే నెల పెళ్ళికి బావ వస్తున్నాడు. ఏం తెమ్మంటారు మామా అని బాపుని అడిగాడట. చాక్లెట్లొద్దు గని, ఆ పిస్టల్ కొన్న కాయితం జిరాక్స్ తెమ్మన్నాడట బాపు. ఎవరెవరు సంతకం పెట్టారో చూస్తాడట.