దిగింది ఎవరు – అత్తా, ఫోనా?

బళ్ళారి పేరెత్తగానే మన పెద్దవాళ్ళకు రాఘవగారు గుర్తొస్తారు. ఆ వెంటనే, 1886లో అక్కడ సరసవినోదిని సభ స్థాపించి తెలుగు నాటకానికి కొత్త ఊపిరి పోసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. గీత మారింది గాని చుట్టరికాలు మారలేదు. ఈనాటికీ ఆ వైపు ఒకే మాటలో సగం తెలుగు, సగం కన్నడం వినిపిస్తాయి.

మా మేనత్తగారి ఊరు ఆ జిల్లాలోని కూరెకుప్ప, సండూరు తాలూకా. పేరు వినని వారికి తోరణగల్లు ఉక్కు కర్మాగారం పక్క ఊరంటే తెలుస్తుంది. ఆ ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కొలిమి వెలిగింది మాత్రం 1990ల చివరలో, ప్రైవేటు రంగంలో. ఒకప్పుడు జొన్నచేలతో ఉన్న పల్లెకు ఇప్పుడు పురసభ కూడా ఉంది. ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కార్మికుల హిందీ, స్థానికుల కన్నడం, మనవాళ్ళ తెలుగు, మూడూ ఒకే టీ అంగడి ముందు వినబడతాయి.

కూరెకుప్పకు రైలులో వెళ్ళేవారు తోరణగల్లు జంక్షన్‌లో దిగాలి. బళ్ళారికీ హొసపేటకూ ఇంచుమించు నడుమ ఉంటుంది, అటూ ఇటూ ముప్ఫై కిలోమీటర్లు. ఇక్కడి నుంచే ఒక శాఖ గనుల వైపు రంజిత్‌పురకు చీలుతుంది. ఎటు చూసినా ఇనుపరాయి వ్యాగన్లే. ప్రయాణికుల బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. సామాన్లున్న ముసలివాళ్ళు ముందే తలుపు దగ్గరికి చేరుకోకపోతే హొసపేట చూడాల్సిందే.

పోయిన దసరాకు జరిగిన సంగతి చెబుతాను. డెబ్బై రెండేళ్ళ మా అత్త గుంతకల్లులో పెళ్ళి చూసుకుని ఒంటరిగా రాత్రి బండి ఎక్కింది. కొడుకు డ్యూటీ ముగించుకుని స్టేషనుకు వెళ్ళాలని ఏర్పాటు. అంతకుముందే వాళ్ళమ్మ ఫోను ఎక్కడుందో తన ఫోనులో కనబడేలా పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు దాటి చూస్తే ఆ నీలం చుక్క తోరణగల్లు దాటి హొసపేట వైపు పరుగెడుతోంది. ఫోను చేస్తే ఎత్తడం లేదు. అమ్మ నిద్రపోయిందనుకుని, లారీల మధ్య, ఆ చీకట్లో, మోటారు సైకిలు మీద హొసపేటకు బయలుదేరాడు.

మా అత్త మాత్రం తోరణగల్లు ప్లాట్‌ఫారం బెంచీ మీద సంచులు ఒళ్ళో పెట్టుకుని నిక్షేపంగా కూర్చుని ఉంది. ఛార్జింగు కోసం తగిలించిన ఫోను బండిలోనే ఉండిపోయింది. టీ అమ్మే అబ్బాయి ఫోను అడిగి కొడుక్కి చేసింది, బండి మీద ఉన్నాడు గనక వినపడలేదు. ఆవిడకు నోటికి వచ్చిన రెండో నెంబరు బెంగళూరులోని మాది. "ఏమప్పా, నేను తోరణగల్లులోనే ఉండా. ఫోను హొసపేటకు పోయింది. వాన్ని యెనక్కి రమ్మను" అంది.

ఫోను దొరికింది, అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. కాని నడిరాత్రి ఆ రోడ్డు మీద వాడికేమైనా అయి ఉంటే? ఆ ఆలోచన నన్ను వదల్లేదు. అసలు మనిషి రైలెక్కాడా, దిగాడా అన్నది ఫోను ఎలా కనిపెడుతుందో చూద్దామని, సంక్రాంతికి అత్తను తీసుకువెళ్ళేటప్పుడు ఫైఫాక్స్ అనే ఉచిత ఆప్ వేసుకున్నాను. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వారు తయారు చేసినది. ఫోను లోపలి కొలత పరికరాలు ఏం చూస్తున్నాయో గీతలుగా చూపిస్తుంది.

ఫోనులో కదలికను కొలిచే చిన్న చిప్ ఉంటుంది. అది సెకనుకు యాభై, వంద సార్లు లెక్క తీస్తుంది. కదలకుండా ఉంటే భూమ్యాకర్షణ ఒక్కటే, 9.8 దగ్గర తిన్నని గీత. మనం నడిస్తే సెకనుకు రెండేసి శిఖరాలు, గుండె పరీక్ష కాగితంలా. రైలు మాత్రం గడుసుది. బస్సులా ఎగిరి దూకదు, బయలుదేరినప్పుడు గీత కదిలిందో లేదో అన్నట్టుంటుంది. అందుకని ఫోను ఒక్క సాక్షిని నమ్ముకోదు. నడక ఆగిందా, వేగం నడకను మించిందా, జీపీఎస్ చూపే దారి పట్టాల వెంట ఉందా, ఇవన్నీ కలిపి తేల్చుకుంటుంది. జీపీఎస్ బ్యాటరీని తినేస్తుంది కాబట్టి, కదలిక చిప్ అనుమానపడినప్పుడే దాన్ని లేపడం మంచి పద్ధతి. కొన్ని ఫోన్లలో గాలి ఒత్తిడి కొలిచేది కూడా ఉంటుంది, మీరు స్టేషను వంతెన ఎక్కినా దానికి తెలుస్తుంది.

కుడితిని తర్వాత రోడ్డూ రైలూ పక్కపక్కన నడిచే చోట జీపీఎస్ ఒక్కటే ఉంటే బస్సో రైలో చెప్పడం కష్టం. తోరణగల్లు ముందు గూడ్సు కోసం మా బండిని ఆపేశారు. ఊరొచ్చిందనుకుని జనం సామాన్లతో తలుపు దగ్గరికి నడిచారు, నేనూ నడిచాను. బండి ఆగింది, అడుగులు పడ్డాయి, కాబట్టి గీతను చూస్తే దిగినట్టే లెక్క! మళ్ళీ బండి కదిలితే గాని అసలు సంగతి తేలలేదు. అప్పుడు నాకు బోధపడిన విషయం ఇది. బండి వెళ్ళిపోయి, ఫోను వెనక మిగిలితేనే దిగినట్టు రూఢి అవుతుంది. అంటే ఆ కబురు ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే అందుతుంది. ఊరు దాటిపోకుండా మనిషిని కాపాడాలంటే స్టేషను ఇంకా పది కిలోమీటర్లు ఉండగా మోగే అలారం కావాలి. ఈ రెండూ వేరు వేరు పనులు.

ఈ విద్య ప్రపంచంలో వాడుకలో ఉన్నదే. స్విట్జర్లాండులో 2016లో మొదలైన ఫెయిర్‌టిక్ ఆప్‌లో ఎక్కేటప్పుడు ఒక్కసారి వేలు జరిపితే చాలు, దిగాక ముగించడం మరిచిపోతే అదే గుర్తు చేస్తుంది, ప్రయాణించినంత మేరకే టికెట్టు. 2017లో మొదలైన హైదరాబాదు మెట్రోకు ఈ అవసరం లేదు, గేట్లే లెక్క చెబుతాయి. గేట్లు లేని తోరణగల్లు వంటి స్టేషన్లకే ఇది పనికొచ్చేది. మన దేశంలో "వేర్ ఈజ్ మై ట్రైన్" ఆప్ సెల్ టవర్ల ఆధారంగా, ఇంటర్నెట్ లేకపోయినా బండి ఎక్కడుందో చెబుతుంది. బెంగళూరు సంస్థ తయారు చేసిన దాన్ని 2018 డిసెంబరులో గూగుల్ కొనుక్కుంది.

ఇవన్నీ అత్తకు వివరించాను. శ్రద్ధగా విని, "అన్నీ బాగుండాయి గాని, అది సూసేది ఫోన్ను. నన్ను కాదు కదా?" అంది. ఆవిడకు వేరే కొలతలున్నాయి. కుడితిని కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడితే సంచి సర్దుకోవాలి. ఆకాశం ఎర్రబడి, బొగ్గు వాసన తగిలితే లేచి నిలబడాలి. ఈ లెక్క ఆవిడకు ఏనాడూ తప్పలేదు.

కొడుకు మాత్రం ఇరవై నాలుగు గంటలూ చుక్క కనబడాలన్నాడు. "నేనేమన్నా పార్శిలా? గుడికి పోయినా, పక్కింటికి పోయినా నీకు లెక్క సెప్పల్లా?" అని కోప్పడింది. వాడి భయమూ నిజమే, ఆవిడ రోషమూ నిజమే. చివరికి ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. బండిలో ఉన్నంతసేపే చుక్క, ఇల్లు చేరగానే ఆవిడే తీసేస్తుంది. ఫోను మెడలో తాడుకు ఉంటుంది, ఛార్జింగుకు వదలకూడదు. దిగాక ఆవిడ గొంతు వినేదాకా వాడు స్టేషను వదలకూడదు.

మన ఇళ్ళలో ఇలా ఒంటరిగా ప్రయాణం చేసే పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు. ఫోనులో ఏం పెట్టాలో వాళ్ళను అడిగే పెట్టండి. రెండు నెంబర్లు కాగితం మీద రాసి సంచిలో ఉంచండి. రైలులో సాయం కావాలంటే 139కి చేయమని చెప్పండి. మా అత్త ఆ కాగితం కూడా అక్కర్లేదంటుంది, మా నెంబర్లు ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడ నెంబరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాదు, అది ఫోనులో ఉంది.