లైట్లు ముందు కొన్నాను



బండి లెక్క గురించి ఇద్దరు ముగ్గురు ఫోను చేసి అడిగారు. ఆదివారం కూడికలో పెద్దలు చదివిన కాగితంలో అంకెలే ఉన్నాయి, వాటి వెనక సంగతి లేదు. అది నేను చెప్పాల్సింది, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మూడేళ్ళు కూడబెట్టి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాం. పసుపు అమ్మినవాళ్ళు, మిరియాలు అమ్మినవాళ్ళు, కాఫీ పళ్ళు ఏరి కూలి తెచ్చుకున్నవాళ్ళు ఇచ్చిన డబ్బు అది. ముందు అయిదుగురు కూర్చునే డబుల్ క్యాబిన్, వెనక సామాను తొట్టి. కొన్న తరువాత పైసామానుకని పెద్దలు అరవై వేలు నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ఏటి కావాలో మీకే తెలుసు" అన్నారు.

నాకు తెలియదు. తెలిసినట్టు నర్సీపట్నం వెళ్ళాను.

మన యౌవనస్థులు ఇద్దరు వెంట వచ్చారు. షాపులో గోడనిండా మెరిసే సామాను. ముందుకి బుల్ గార్డు, దానిమీద పొడుగాటి ఎల్.ఈ.డి. లైటు, పక్కన ఎక్కడానికి మెట్లు, సీట్లకు కవర్లు. నలభై ఒక్క వేలు అయింది. టైర్ల మాట షాపతను ఎత్తాడు గాని, "కంపెనీవి కొత్తవే కదా" అని నేనే కొట్టిపారేశాను. యౌవనస్థుల మీద తోసెయ్యడానికి లేదు. ఆ గార్డు పెట్టాక అద్దంలో బండిని వెనక్కి తిరిగి చూసుకున్నది నేనే.

జులైలో ఒక రాత్రి పదకొండు గంటలకి కబురు వచ్చింది. చింతపల్లి అవతల కొండమీద మన ఊళ్ళో ఒక సహోదరికి నొప్పులు మొదలయ్యాయి. తారు రోడ్డు నుంచి ఆ ఊరికి ఏడు కిలోమీటర్లు, అందులో పై నాలుగు ఎర్రమట్టి. వాన పొద్దుటినుంచి పడుతూనే ఉంది. 108 బండి తారు దాటి పైకి రాలేదు. దీనికే కదా బండి కొన్నామని బయలుదేరాను.

ఊరు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా ఎత్తు దగ్గర బండి ఆగిపోయింది. ఫోర్ వీల్ లో గేరు వేశాను. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి మాత్రం పక్కకి జారి కాలవలోకి ఒరిగింది. దిగి చూస్తే టైర్ల గాళ్ళన్నీ మట్టితో పూడిపోయి, బట్టతలలా నున్నగా ఉన్నాయి. ఆ రాత్రి నాకు అర్థమైంది ఇదే: ఫోర్ వీల్ డ్రైవ్ ఇంజిను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచుతుంది, అంతే. నేలని పట్టుకునేది టైరు. పట్టు లేకపోతే రెండు జారేచోట నాలుగు జారుతాయి.

గంట చూసి, ఊరివాళ్ళే ఆమెను డోలీలో మోసుకొచ్చారు. నా బండి పక్కనుంచే దాటారు. ఆమె మామగారు డోలీ కర్ర భుజం మార్చుకుంటూ, "లైట్లు బాగున్నాయండి అయ్యగారూ, దారి బాగా అవుపడతంది" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. నేను చేసిన సాయం అదే కాబట్టి అన్నాడు. తెల్లవారేసరికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం, దేవునికి స్తోత్రం. దివిటీలు పట్టుకుని నూనె మరిచిన కన్యకల మీద ఎన్నిసార్లు ప్రసంగం చేశానో మీకు తెలుసు. ఆ తరువాత మళ్ళీ చెయ్యలేదు.

ఇక టైర్ల సంగతి, బండి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. కంపెనీ వేసినవి తారు రోడ్డు టైర్లు: గాళ్ళు సన్నం, చప్పుడు తక్కువ, మట్టి పట్టదు. రెండోరకం బురద టైర్లు. పెద్ద పెద్ద దిమ్మలతో చూడ్డానికి ట్రాక్టరులా ఉంటాయి. మొదట వాటిమీదే మనసు పోయింది. కానీ మనకి నాలుగు కిలోమీటర్ల బురదకి ముందూ వెనకా లంబసింగి ఘాట్ లాంటి తడి తారు ముప్పై నలభై కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ బురద టైరు బ్రేకుకి త్వరగా ఆగదు, మైలేజీ కూడా తింటుంది. అందుకని రెంటికీ మధ్యరకం, ఆల్ టెర్రైన్ అంటారు, అవి వేయించాను. పెద్ద సైజు వెయ్యమన్నారు, వద్దన్నాను. మీటరు తప్పు చూపిస్తుంది, తిప్పినప్పుడు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. 235/75 ఆర్ 15 ఉన్నచోట అదే. ఆ పక్కనే బరువు అంకె ఉంటుంది. 105 అంటే ఒక్కో టైరు 925 కిలోలు మొయ్యగలదు, 109 అంటే 1030. కంపెనీ టైరు మీద ఉన్నదానికంటే తగ్గకూడదు. అంచున నాలుగంకెలు చూడండి: 2324 అని ఉంటే 2024లో ఇరవైమూడో వారం తయారైందని. నాకు మొదట చూపించిన వాటిలో ఒకటి నాలుగేళ్ళనాటిది!

స్టెపినీతో కలిపి అయిదు. పాతవి మార్పిడికి ఇచ్చాం. మిగిలిన పందొమ్మిది వేలు చాలలేదు. లైట్లు, మెట్లు, కవర్ల డబ్బు నా జీతంలోంచి నెలనెలా సంఘానికి కడుతున్నాను. పెద్దలు వద్దన్నారు గాని, లెక్కలో అలాగే రాయించాను. బుల్ గార్డు తీయించేశాను. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది, ఎయిర్‌బ్యాగు సెన్సారుకీ అడ్డమే, దారిన పోయేవాళ్ళకీ ప్రమాదమే. షాపతను మూడు వేలకి తీసుకున్నాడు. ఆ మూడు వేలతో బండి లాగే బెల్టు ఒకటి, బురదలో గాలి తగ్గించి తారు ఎక్కాక మళ్ళీ నింపుకోవడానికి బ్యాటరీ మీద నడిచే చిన్న పంపు ఒకటి, ఒక పార. చూడ్డానికి ఏమీ లేవు, సీటు వెనక పడి ఉంటాయి.

వచ్చే నెల అదే ఊళ్ళో ఇంకొక సహోదరికి నెలలు నిండుతున్నాయి. ఈ శనివారం వాన పడినా సరే, ఖాళీ బండి పైదాకా తీసుకెళ్ళి చూసి వస్తాను. ఆ ఎత్తు దగ్గర కాలవ పూడ్చి రాళ్ళు పరవాలి. యౌవనస్థులు ఇద్దరు వస్తే మంచిది. పార ఒకటే ఉంది, రెండోది ఎవరైనా తెచ్చుకోండి.